బడి గోడ దాటి పాఠం చెప్పడం మాకూ నేర్పించండి

రాష్ట్ర పాఠశాల విద్యాశాఖలో ఉపాధ్యాయ శిక్షణ బాధ్యతలు చూస్తున్న అధికారులకు, జిల్లా విద్యా శిక్షణ సంస్థల అధ్యాపకులకు ఒక ఉపాధ్యాయురాలి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు, అధ్యాపకులకు నమస్కారాలు.

గుంటూరు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా జీవశాస్త్రం బోధిస్తున్నాను. నా పుట్టిల్లు విజయవాడ. ఈ రెండు ఊళ్ల మధ్య కృష్ణ దాటి తిరిగిన ఇన్నేళ్లలో నాలో బలపడిన ఒక్క విన్నపాన్ని మీ ముందు పెట్టడానికే ఈ లేఖ రాస్తున్నాను. పిల్లలను తరగతి గది నుంచి చెట్టు దగ్గరకు, చెరువు దగ్గరకు, పొలానికి, కొండకు తీసుకెళ్లి పాఠం చెప్పమనే పత్రాలకు కొదవ లేదు. ఆ పని ఎలా చేయాలో మా చేత చేయించి చూపే శిక్షణ మాత్రం మాకు అందలేదు. ఆ శిక్షణ ఇప్పించండి, దాన్ని హాలులో కాక ఆరుబయటే ఇప్పించండి.

పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లోనే ఆదేశించింది. బడిలో నేర్చే జ్ఞానాన్ని బడి వెలుపలి జీవితంతో ముడిపెట్టాలన్నది 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పిన మార్గదర్శక సూత్రాల్లో మొట్టమొదటిది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల వంటి స్థానిక నిపుణుల దగ్గర గడపాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. అందుకు జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) 2024 జులైలో మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది. ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలన్నదీ ఆ విధానంలోని మాటే. పిల్లలకు చెప్పిన ఆ పది రోజులకూ, మాకు చెప్పిన ఈ యాభై గంటలకూ మధ్య సంబంధం ఉండాలని నేను నమ్ముతున్నాను. ఇప్పటివరకు నాకు ఆ సంబంధం కనిపించలేదు.

ముందుగా నా తప్పు చెబుతాను. సుమారు పదేళ్ల కిందట, ఒక జనవరి నెలలో, ఏడో తరగతి పిల్లలు నలభై ముగ్గురిని గుంటూరుకు దగ్గరలోని ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి తీసుకెళ్లాను. ఊరి చెరువులోని తుమ్మచెట్ల మీద గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ల కొంగలు వందల సంఖ్యలో గూళ్లు కట్టుకుని పిల్లలను పెంచే చోటు అది. తోడుగా ఇంకొక ఉపాధ్యాయుడు వచ్చారు. ఆటోలు దిగగానే పిల్లలు గట్టు మీదికి పరుగెత్తారు, కేకలు వేశారు, ఒకరిద్దరు రాళ్లు కూడా అందుకున్నారు. చెట్ల మీది పెద్ద పక్షులు ఒక్కసారిగా లేచిపోయాయి. ఈకలు రాని కూనలు గూళ్లలో ఎండకు అలాగే ఉండిపోయాయి. నేను గొంతు చించుకుని అరుస్తుంటే ఆ ఊరి పెద్దాయన ఒకరు దగ్గరకు వచ్చి, “అమ్మా, మీరు కూడా అరవకండి. పిల్లల్ని ఇక్కడే కింద కూర్చోబెట్టండి, పావుగంటలో అవే వాలతాయి” అన్నారు. కూర్చోబెట్టాను. ఆయన చెప్పినట్టే పక్షులు మెల్లగా తిరిగి వాలాయి. అంతసేపూ ఆ పిల్లలను ఏమి చూడమనాలో, ఏమి అడగాలో నాకు తోచలేదు. పక్షుల పేర్లు నాలుగు చెప్పి, నోటు పుస్తకంలో రాసుకోమన్నాను. తిరిగి బయలుదేరేటప్పుడు లెక్కపెడితే ఒకడు తగ్గాడు. గట్టు వెనుక తడిమట్టిలో జారి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, భయంతో పిలవలేక ఉండిపోయాడు. వాడికి ఏమీ కాలేదు. నేను మాత్రం ఆ తరువాత రెండేళ్లు ఏ తరగతినీ గేటు దాటించలేదు.

ఇది నా ఒక్కదాని కథ అయితే ఈ లేఖ అవసరం ఉండేది కాదు. తోటి ఉపాధ్యాయులను కదిలిస్తే ఎందరో ఇలాంటిదే ఒకటి చెబుతారు. ఒకసారి బయటకు వెళ్లి భయపడి మానేసినవారు కొందరు, అసలు వెళ్లడానికే జంకినవారు కొందరు. వీరిలో ఎవరూ బద్ధకస్తులు కారు. ముప్పై ఐదు మందిని నాలుగు గోడల మధ్య నిశ్శబ్దంగా కూర్చోబెట్టడం మాకు శిక్షణ కళాశాలలో నేర్పారు. నల్లబల్లను ఎన్ని భాగాలు చేయాలో, ప్రశ్న వేశాక ఎన్ని క్షణాలు ఆగాలో నేర్పారు. గోడలూ బల్లా లేని చోట పాఠం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో ఎవరూ నేర్పలేదు.

నేర్చుకోవలసినవి పెద్ద విషయాలేమీ కావు, అయినా ఎవరైనా చూపితే తప్ప తెలియవు. ఎండలో పిల్లలతో మాట్లాడేటప్పుడు సూర్యుడికి ఎదురుగా ఉపాధ్యాయుడే నిలబడాలి, పిల్లల వీపు ఎండ వైపు ఉండాలి. లేకపోతే కళ్లు చికిలించుకోవడంతోనే వారికి సరిపోతుంది. పిల్లలను ముందే జంటలుగా విడదీస్తే తలలు లెక్కపెట్టడం తేలిక, ఒకరు కనిపించకపోతే రెండోవారు వెంటనే చెబుతారు. వెళ్లబోయే చోటును ఉపాధ్యాయుడు రెండు రోజుల ముందు, అదే వేళకు, ఒంటరిగా వెళ్లి చూసి రావాలి. నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో, నీడ ఎక్కడ ఉందో, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఎక్కడ ఉందో అప్పుడే తెలుస్తుంది. “చుట్టూ చూడండి” అంటే పిల్లలు ఏమీ చూడరు. “ఈ చెట్టు మీద గూళ్లు ఏ వైపు ఎక్కువగా ఉన్నాయి, ఎందుకని?” అంటే అరగంట కదలరు. వీటన్నిటికంటే కష్టమైనది ఇంకొకటి ఉంది. పిల్లవాడు ఒక పురుగును తెచ్చి చూపి ఇదేమిటని అడిగినప్పుడు, పేరు తెలియకపోయినా తడబడకుండా, “నాకూ తెలియదు, కాళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడదాం” అనగలగాలి. తరగతి గదిలో ఆ అవసరం నెలకు ఒకసారి వస్తే బయట పది నిమిషాలకు ఒకసారి వస్తుంది. అలా అనడానికి నాకు ఐదేళ్లు పట్టింది. శిక్షణలో ఎవరైనా నా ముందు ఒక్కసారి అలా అని ఉంటే ఐదేళ్లు పట్టేది కాదు.

ఇప్పుడు జరుగుతున్న శిక్షణ ఎలా ఉందో మీకు తెలియనిది కాదు. నేను హాజరైన ఒక శిక్షణలో పరిసరాల ద్వారా నేర్చుకోవడం అనే అంశానికి ఒక గంట కేటాయించారు. అరవై మందిమి హాలులో కూర్చున్నాం, తెర మీద చెట్టు బొమ్మ చూపించారు. ఆ హాలు కిటికీ పక్కనే పెద్ద కానుగ చెట్టు ఉంది. శిక్షణ ఇచ్చిన ఆ రిసోర్స్ పర్సన్‌ను నేను తప్పుపట్టను, ఆయన కూడా మాలాంటి ఉపాధ్యాయుడే, పై స్థాయిలో ఆయనకూ అలాగే చెప్పి పంపారు. రాష్ట్రంలో కొందరికి, వారి ద్వారా జిల్లాలో కొందరికి, వారి ద్వారా మండలాల్లో అందరికీ అందించే పద్ధతిలో సమాచారం అయితే కొంత తరుగుతో కిందికి చేరవచ్చు. చేతిపని అలా చేరదు. కొండపల్లిలో పొణికి కర్రను చెక్కడం ఎవరూ ఉపన్యాసం విని నేర్చుకోలేదు, చెక్కేవారి పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఆరుబయటి బోధన కూడా చేతిపనే. అంతర్జాలంలో దీక్షా వేదిక మీద ఉన్న కోర్సులను నేను పూర్తిచేశాను, వాటి వల్ల చదవవలసినవి తెలిశాయి. వాటిని చూస్తూ కూర్చున్నది కూడా మా ఇంటి గదిలోనే.

బయట అంటే బస్సు ఎక్కి వెళ్లడమే అన్న అభిప్రాయం బలంగా ఉంది, శిక్షణ సరిగా ఉంటే మొదట తొలగేది అదే. మా బడి వెనుక ప్రహరీ పక్కన పది గజాల నేలలో ఉత్తరేణి, పల్లేరు, జిల్లేడు, ఆముదం ఉన్నాయి. విత్తనవ్యాప్తి పాఠానికి అంతకంటే ఏమి కావాలి? ఉత్తరేణి పిల్లల లాగులకు అంటుకుని వస్తుంది, జిల్లేడు గింజ దూదితో లేచిపోతుంది, ఎండిన ఆముదం కాయ చిట్లి గింజను విసురుతుంది, గోడ మీది వేప మొక్క కాకి పెట్టిన భిక్ష. ఇదే పాఠాన్ని పుస్తకంలో చదివి, నెట్ సెంటర్లో బొమ్మలు ప్రింటు తీయించి, అట్టకు అంటించి ప్రాజెక్టు పని అని మాకు ఇస్తున్నారు పిల్లలు. మేము మార్కులు వేస్తున్నాం. పురికొసతో ఒక మీటరు చదరం నేల మీద పరచి, అందులో ఎన్ని రకాల మొక్కలు ఉన్నాయో లెక్కించడానికి ఒక పీరియడ్ చాలు. అయితే ఆ పీరియడ్‌లో ముప్పై మందిని ఆరు గుంపులుగా నడిపించడం, ముట్టుకుంటే దురద పుట్టించే వయ్యారిభామ కలుపుమొక్కను చేతితో ముట్టకుండా చూడటం, గంట మోగేలోగా లెక్కలను పట్టికలోకి తీసుకురావడం సాధన మీద వచ్చే పనులు.

మిగతా సబ్జెక్టుల వారికీ ఇది వర్తిస్తుంది. విజయవాడ, గుంటూరు దాదాపు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి కనుక ఏటా మే మొదటి వారంలోనూ, మళ్లీ ఆగస్టు మొదటి వారం చివరలోనూ సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువుగా పాతిన కర్రకు నీడ కనిపించదు. మేలో బడులు ఉండవు. ఆగస్టులో ఆ రోజు మబ్బు పట్టకపోతే, పన్నెండు దాటిన పదిపదిహేను నిమిషాలకు ఆ పాఠం చెప్పి తీరవచ్చు. పన్నెండుకే ఎందుకు కాదని పిల్లలు అడుగుతారు, అక్కడి నుంచి భారత ప్రామాణిక కాలం, కాకినాడ సమీపం నుంచి వెళ్లే రేఖాంశం మాటల్లోకి వస్తాయి. పదో తరగతి త్రికోణమితిలో చెట్టు ఎత్తును నీడతో కొలవడం లెక్కగా ఉంటుంది కాని, చెట్టు దగ్గరకు వెళ్లి కొలిచిన తరగతులను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

విజయవాడ సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుల గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వెళ్లింది. మా అక్క పిల్లలు మేడ మీద రెండు రాత్రులు గడిపారు. నీళ్లు తీశాక వారిలో చిన్నవాడు నన్ను అడిగిన ప్రశ్న ఇది: “పిన్నీ, ఈ వాగు అసలు ఎక్కడి నుంచి వచ్చింది?” వాడు ఎనిమిదో తరగతి. నదులు, కాలువలు పుస్తకంలో చదివాడు, పరీక్ష రాశాడు. తన వీధికి అంత దగ్గరగా పారే నీరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోతుందని, వెలగలేరు దగ్గర దాన్ని కృష్ణలోకి మళ్లించే కాలువ ఉందని, ఆ కాలువ కట్టకు గండ్లు పడటం వల్లే తన ఇంట్లోకి నీళ్లు వచ్చాయని వాడికి ఎవరూ చెప్పలేదు. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి మధ్య నుంచి పారుతున్నాయి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట కొట్టుకుపోయాక 1957లో సిద్ధమైన బ్యారేజీ ఆ కాలువలకు తలగా నిలిచి ఉంది. దాని పొడవు 1,223.5 మీటర్లు, గేట్లు డెబ్బై. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచిన పిల్లవాడు కిలోమీటరంటే ఎంతో మరిచిపోడు. అయినా ఆ ఊరి పిల్లలను కాలువ గట్టున నడిపించి వరద గురించి మాట్లాడటం ఎవరంటే వారు చేసే పని కాదు. ఇల్లు మునిగిన పిల్లలు ఆ గుంపులో ఉంటారు. ఎవరిని ఎప్పుడు మాట్లాడనివ్వాలో, ఎప్పుడు మాట మార్చాలో తెలియాలి. దానికి కూడా శిక్షణ కావాలని ఆ రోజు మా అక్క కొడుకుతో మాట్లాడుతుంటే నాకు అర్థమైంది.

మా వైపు పిల్లల్లో చాలామంది మిరప రైతుల పిల్లలు. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు మిరప తోటలను తినేసినప్పుడు, నా తొమ్మిదో తరగతిలో ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి, తోటలోకి మమ్మల్ని తీసుకెళ్లి, పువ్వును అరచేతి మీద దులిపి, గింజంత కూడా లేని ఆ నల్ల పురుగులను చూపించాడు. ఏ పూటలో ఎక్కువగా ఉంటాయో, ఏ మందు పనిచేయలేదో చెప్పాడు. ఆ గంటసేపు పాఠం వాడే చెప్పాడు. నేను చేయవలసింది వాడు చెప్పిన దాన్ని కీటకాల పాఠానికి కలపడం, మిగతా పిల్లల ప్రశ్నలను వాడి వైపు తిప్పడం. ఆ పని నేను అంత బాగా చేయలేకపోయాను. ఊరికి దగ్గరలోనే లాంలో మిరప మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్న కేంద్రం ఉంది, అక్కడి శాస్త్రవేత్తలతో ఒక పూట గడిపి ఉంటే నాకు ఆ ధైర్యం ముందే వచ్చేది.

భద్రత గురించి చెప్పకుండా ఈ లేఖ ముగించలేను, ఎందుకంటే మాలో ఎక్కువ మందిని ఆపుతున్నది అదే. 2014 జూన్‌లో హైదరాబాద్ నుంచి హిమాచల్ ప్రదేశ్ వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జి డ్యామ్ నుంచి హఠాత్తుగా వదిలిన నీటిలో, బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఆ వార్త విన్న తెలుగు తల్లిదండ్రులెవరూ దాన్ని మరిచిపోలేదు. ఇలాంటివి జరిగినప్పుడు మన దగ్గర తరచూ వచ్చే ఆలోచన పర్యటనలు ఆపేయడం. బ్రిటన్‌లో 1993లో లైమ్ బే దగ్గర సముద్రంలో నలుగురు విద్యార్థులు మరణించినప్పుడు, అక్కడివారు 1995లో చట్టం చేసి, పిల్లల చేత సాహస కార్యక్రమాలు చేయించే కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి చేశారు. వెంట తీసుకెళ్లేవారికి ఆ పని వచ్చా అన్న ప్రశ్నను ముందుకు తెచ్చారు. నేను కోరుతున్నదీ అదే. పాము కరిస్తే కోయకూడదని, గట్టిగా కట్టు కట్టకూడదని, కరిచిన భాగాన్ని కదలకుండా ఉంచి విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలని మాలో ఎంతమందికి తెలుసు? వడదెబ్బ మొదటి లక్షణాలు ఎంతమంది గుర్తుపట్టగలరు? మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యే ప్రాంతం మనది. మన ఎండలకు తగిన వేళలు, మన నేలకు తగిన జాగ్రత్తలు వేరే దేశపు పుస్తకం చెప్పదు.

నా విన్నపాలు ఇవి. ఏడాది యాభై గంటల్లో కనీసం ఇరవై గంటలు ఆరుబయటి బోధనకు కేటాయించండి. వాటిని ఒకేసారి మూడు రోజుల్లో ముగించకుండా, జూన్ నుంచి ఫిబ్రవరి వరకు పూటల చొప్పున విస్తరించండి. ఒక పూట నేర్చుకున్న దాన్ని మా తరగతితో మేము చేసి, పక్క బడి ఉపాధ్యాయుడు ఒకరు దాన్ని చూసి, తరువాతి పూట అందరం కలిసి దాని గురించి మాట్లాడుకునే వ్యవధి ఉండాలి. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ సమావేశాలు ఇప్పటికే ఉన్నాయి కనుక కొత్త ఏర్పాటు అక్కరలేదు, వాటిలో కొన్నింటిని హాలు నుంచి చెట్టు కిందికి మార్చితే చాలు. శిక్షకులుగా ఉపాధ్యాయులతో పాటు ఉప్పలపాడులో పక్షులను కాపాడుతున్న ఊరివారిని, కాలువల మీద పనిచేసే లస్కర్లను, లాం శాస్త్రవేత్తలను, అటవీ సిబ్బందిని, కొండపల్లి బొమ్మల పనివారిని పిలవండి, వారి సమయానికి తగిన పారితోషికం ఇవ్వండి. డీఎడ్, బీఎడ్ ఛాత్రోపాధ్యాయులు బోధనాభ్యాసంలో చెప్పే పాఠాల్లో మూడైనా ఆరుబయట చెప్పి, పరిశీలకుల చేత బాగా చెప్పారని అనిపించుకోవాలి. ప్రతి బడిలో ఇద్దరికైనా ప్రథమ చికిత్సలో పూర్తి శిక్షణ ఉండాలి. నడవలేని పిల్లలను, చూపు సరిగా లేని పిల్లలను బడిలోనే వదిలి వెళ్లకుండా ఏ చోటు ఎంచుకోవాలో నేర్పడం ఆరుబయటి బోధన శిక్షణలో భాగం కావాలి. దీన్ని నేను చాలాకాలం పట్టించుకోలేదు, అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఇంకొక్క మాట. బయటకు వెళ్లిన రోజును పనిదినంగా లెక్కించే ఆన్ డ్యూటీ అనుమతి ఎవరు ఇవ్వాలో, అనుకోనిది జరిగితే బాధ్యత ఏమేరకు ఎవరిదో ఒక్క పేజీలో స్పష్టంగా రాసి ఇవ్వండి. వెళ్లినందుకు సాక్ష్యంగా ఫొటోలు తీసి యాప్‌లో పెట్టమని మాత్రం అడగవద్దు. ఫొటో కోసం పిల్లలను వరుసగా నిలబెట్టే సమయానికి పక్షి ఎగిరిపోతుంది. సాక్ష్యం కావాలంటే పిల్లల నోటు పుస్తకాలు చూడండి, వారు ఏమి గీశారో, ఏమి లెక్కపెట్టారో, ఏ ప్రశ్న రాసుకున్నారో అందులో ఉంటుంది.

మా మండలంలో పది మంది ఉపాధ్యాయులం రెండేళ్లుగా సెలవు రోజుల్లో, సొంత ఖర్చుతో, ఒకరి పాఠాన్ని ఒకరం బయట చూసుకుంటూ నేర్చుకుంటున్నాం. నవంబరులో ఏ శనివారమైనా ఉదయం ఏడున్నరకు ఉప్పలపాడు చెరువు గట్టు మీద మమ్మల్ని కలవవచ్చు. అప్పటికి గూడబాతులు గూళ్ల పనిలో ఉంటాయి. మీలో ఒకరు వచ్చి రెండు గంటలు మాతో పాటు కింద కూర్చుని, మేము పిల్లలను ఏమి అడుగుతున్నామో విని, ఎక్కడ తప్పుతున్నామో చెప్పవలసిందిగా కోరుతున్నాను. మా దగ్గర బైనాక్యులర్లు రెండే ఉన్నాయి, వంతులవారీగా చూస్తాం.

భవదీయురాలు,
గుంటూరు జిల్లా జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు